తల దించుకుంటే అబద్ధమేనా?

ఈరోజు దర్యాప్తు అధికారుల శిక్షణలో ఒక వీడియో చూపించాను. ప్రశ్న అడగ్గానే కుర్రాడు తల దించేశాడు. చొక్కా గుండీని వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు. గదిలో దాదాపు అందరూ "అబద్ధం" అన్నారు. వాడు చెప్పింది అక్షరాలా నిజం.

భయపడ్డవాడూ తడబడతాడు కదా! 2006లో బాండ్, డిపాలో అనే మనస్తత్వ పరిశోధకులు పాత పరిశోధనలు కలిపి లెక్కేస్తే, మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా గుర్తుపట్టింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 వస్తుంది. పోలీసు అనుభవం కూడా ఇందులో పెద్దగా అక్కరకు రాలేదు.

అందుకే ముఖం చూడటం మానేసి, మాట వినమంటాను. చేతిలో ఉన్న సీసీటీవీ ఆధారాన్ని ముందే బల్లమీద పెట్టేయకూడదు. "ఆ సాయంత్రం ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి" అని అడిగి, అడ్డు తగలకుండా వినాలి. దాచేవాడి కథ చాలాసార్లు ఆ ఆధారంతో ఎక్కడో ఒకచోట పొసగదు. స్వీడన్‌లో పోలీసు ట్రైనీలకు ఇదే నేర్పితే నిజమో అబద్ధమో 85 శాతం సరిగ్గా పట్టుకున్నారు, ఇది నేర్చుకోనివాళ్ళు 56 శాతమే.

విరామంలో ఒక సీనియర్ అధికారి దగ్గరికొచ్చారు. "తల దించుకున్నారని ఎంతమందిని గద్దించానో మేడమ్" అన్నారు. ఆ తర్వాత ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయాను.