ట్రాక్ దాకా దారేది?

ఈ ఉదయం నానక్‌రామ్‌గూడ దగ్గర సోలార్ సైకిల్ ట్రాక్ ఎక్కాను. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన ట్రాక్ ఇది. మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన 16 మెగావాట్ల సౌర పలకలు. ఎండ ముదిరాక కూడా ఆ నీడలో తొక్కుతుంటే ప్రాణం లేచొచ్చింది.

అక్కడికి చేరడమే పెద్ద గండం. మా వైపు ఫుట్‌పాత్ ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాత ఇసుక కుప్ప, దాన్ని ఆనుకుని వరుసగా నిలిపిన కార్లు. బస్సులు ఒరుసుకుంటూ పోతుంటే సైకిల్ దిగి, గోడవారగా నడిపించుకుంటూ వెళ్లాలి. అందుకే కొందరు కారు వెనక సైకిల్ కట్టుకుని ట్రాక్ దాకా వస్తున్నారు. మరి కారు లేనివాళ్లు? సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్‌లు, పాలు వేసే కుర్రాళ్లు లారీల మధ్యనే తొక్కుతున్నారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

ఇంకో పొడవాటి ట్రాక్ వేసే ముందు, ఉన్నదానికి బస్తీల నుంచి, మెట్రో స్టేషన్ల నుంచి దారి కలపాలి. తెగిన ఫుట్‌పాత్‌లను అతకాలి. మీ వీధిలో అది ఎక్కడ తెగిందో ఫొటో తీసి పంపండి. అన్నీ కలిపి వార్డు కార్యాలయంలో ఇద్దాం.