మాస్టారి గాజు తొట్టె

మన బడి పాత విద్యార్థుల కలయిక కమిటీ నుంచి ఏదైనా జ్ఞాపకం రాయమని మూడోసారి ఫోన్ వచ్చాక రాయడానికి కూర్చున్నాను. ఎంత తవ్వినా తొమ్మిదో తరగతి బి సెక్షన్, ఆ గాజు తొట్టె తప్ప ఇంకేదీ బయటికి రావడం లేదు.

1992 డిసెంబర్. సైన్సు మాస్టారు కిటికీలకు దుప్పట్లు కట్టించి, తొట్టె నీళ్లలో నాలుగు చుక్కల పాలు వేసి టార్చిలైటు వేశారు. పక్కనుంచి చూస్తే నీళ్లు నీలంగా ఉన్నాయి. ఎదురు గోడ మీద పడ్డ వెలుగు మాత్రం నారింజ రంగు.

"నీలం కాంతి ఎరుపుకన్నా ఆరు రెట్లు ఎక్కువ చెదిరిపోతుందిరా. గ్రహణం రోజు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉంటాడు. అయినా మన గాలి పొర అంచుల్లో సూర్యకాంతిని ఆ నీడలోకి వంచుతుంది. దారిలో నీలం పోగా మిగిలిన ఎరుపే చంద్రుడికి చేరుతుంది. ఆ క్షణాన భూమి చుట్టూ ఉన్న ఉదయాలు, సాయంత్రాలు అన్నింటి ఎరుపు అది."

10వ తేదీ తెల్లవారుజామున చంద్రగ్రహణం చూడటానికి అందరం గ్రౌండులో చేరాం. పొడుగోడు వాటర్ ట్యాంకు ఎక్కిన సంగతి నేను రాయను. చంద్రుడు ఎర్రబడలేదు. బూడిద రంగుకు తిరిగి, నల్లబడి, దాదాపు మాయమయ్యాడు. ఎవరం మాట్లాడలేదు. మాస్టారు టార్చి వెలుగులో నోట్‌బుక్‌లో టైం రాసుకుంటూ చివరిదాకా అక్కడే నిలబడ్డారు.

మూడు వారాలకు మళ్లీ దుప్పట్లు, మళ్లీ తొట్టె. ఈసారి పాలు చెంచాలకొద్దీ పోస్తూ పోయారు. గోడ మీది మచ్చ ముదురు ఎరుపై, మసకబారి, ఆరిపోయింది. "పోయినేడు జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది కదా. దాని గంధకం సన్నని తుంపరై పై ఆకాశంలో ఇంకా తేలుతోంది. మనం చూసిన చీకటి అదే" అన్నారు.

2018 జూలై 27 రాత్రి, పన్నెండు దాటాక. హిందూ మహాసముద్రంలో మా ఓడ. అప్పటికి నేను కెప్టెన్‌నై నాలుగేళ్లు. 103 నిమిషాల సంపూర్ణ గ్రహణం, ఈ శతాబ్దంలో ఇంతకన్నా పొడవైనది లేదు. ఓడను నడిపే బ్రిడ్జి మీద నుంచి బైనాక్యులర్‌లో చూస్తుంటే, పూర్తిగా మునిగే ముందు నీడ అంచున సన్నగా నీలి చార కనిపించింది. మన గాలి పొర పైభాగంలోంచి దూసుకొచ్చే కాంతిలోంచి అక్కడి ఓజోన్ వాయువు ఎరుపును పీల్చేసుకుంటుంది. తర్వాత చంద్రుడంతా రాగి రంగు. "ఎందుకు సార్ ఎరుపు?" అన్నాడు క్యాడెట్. వంటగది నుంచి గ్లాసుడు నీళ్లు, కొంచెం పాలు తెప్పించాను.

నీలి చార సంగతి మాస్టారు మనకు చెప్పలేదు. ఆయన వస్తున్నారట. తొట్టె ల్యాబ్‌లో ఇంకా ఉంటే కమిటీవాళ్లు కాస్త దుమ్ము దులిపించి ఉంచండి. పాలు నేను తెస్తాను.