జూరాల నుంచి వాడపల్లి దాకా రెండు జతల బూట్లు

కృష్ణ తెలంగాణలోకి వచ్చే మక్తల్ వైపు నది అడుగున ఉన్నది గరుకైన గ్రానైటు. నల్లగొండ జిల్లా అంచున, మూసీ వచ్చి కలిసే వాడపల్లి దగ్గర అదే నది సున్నపురాయి పలకల మీదుగా పోతుంది. ఆ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఆ రాయి వల్లనే. గట్టున కూర్చుని గాలం వేసేవాడికి ఈ తేడాతో పనిలేదు. నీళ్ళలో దిగి నిలబడేవాడికి మాత్రం మొదటి అడుగులోనే తెలిసిపోతుంది.

మా బావ అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటారు. అక్కడి కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టడం ఆయనకు ఉద్యోగం కన్నా ముఖ్యమని మా అక్క ఫిర్యాదు. ఈసారి సంక్రాంతికి వస్తూ ఫ్లై ఫిషింగ్ కర్రతో పాటు రెండు జతల బూట్లు తెచ్చారు. ఒకటి ఫెల్ట్ సోల్‌ది: పోగులను అదిమి చేసిన దళసరి గుడ్డను అడుగున అతికించారు. రెండోది రబ్బరు సోల్‌ది. దానికి టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్న చిన్న మేకులు బిగించుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు. మా ఇద్దరి పాదాల కొలత ఒకటే. వచ్చే ఏడాది ఆయన నాకోసం ఒక జత తేవాలి. అది ఎలాంటిదో తేల్చుకోవడానికి నదివెంట బయలుదేరాం.

అసలు నీళ్ళలో దిగడం ఎందుకని మా ఊళ్ళో అందరూ అడిగారు. మామూలు గాలానికి ఎర, సీసపు గుండు బరువునిస్తాయి. విసిరితే అవే దారాన్ని లాక్కుపోతాయి. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి చుట్టిన ఈకకూ దారపుపోగుకూ బరువే ఉండదు. లావైన ఆ ప్రత్యేక దారానికే బరువుంటుంది. దాన్ని గాలిలో వెనక్కి చాచి, ముందుకు విసరాలి. అంటే మన వెనక కూడా పొడవాటి ఖాళీ స్థలం కావాలి. మన నదుల గట్లన్నీ సర్కారు తుమ్మతో నిండిపోయాయి. విసిరిన దారం ముళ్ళకు చిక్కకుండా ఉండాలంటే మోకాలి లోతుకైనా లోపలికి వెళ్ళక తప్పదు.

కొలరాడోలో నీళ్ళు మంచు కరిగి వచ్చినవి కాబట్టి ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని వేడర్లు తొడుక్కుంటారు. ఇక్కడ మాఘమాసంలోనే మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. వేడర్లలో దూరితే నదిలో కన్నా లోపలే ఎక్కువ తడుస్తాం. అందుకని పలచటి ప్యాంటు, నియోప్రీన్ అనే రబ్బరు స్పాంజి మేజోళ్ళు, వాటిపైన బూట్లు. నియోప్రీన్ మందంగా ఉంటుంది కాబట్టి బూటు ఒక సైజు పెద్దది కావాలి. కొలత చూసుకోవడం కూడా సాయంత్రం పూట మంచిది. రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది.

మక్తల్ దాటి మొదట పంచదేవ్‌పహాడ్ వెళ్ళాం. అక్కడి నుంచి పుట్టిలో కురువపురం దీవికి, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రానికి భక్తులు వెళుతుంటారు. దర్శనం అయ్యాక బావ కర్ర విప్పబోయారు. పుట్టి నడిపే పెద్దాయన ఎదురుగా ఉన్న బండల వరుసను చూపించి, పొద్దున్నే మొసళ్ళు అక్కడికే వచ్చి ఎండకు పడుకుంటాయని చెప్పాడు. ఏ సోలూ దీనికి పనికిరాదు. కర్ర మళ్ళీ సంచిలోకి వెళ్ళింది.

జూరాలలో ఆనకట్ట దగ్గరి దుకాణాల్లో వేయించిన చేపలు తినకుండా ఎవరూ ముందుకు పోరు. మేమూ పోలేదు. చేప ఎలా పట్టాలన్న చర్చ ఆ పళ్ళెం ముందు కాసేపు ఆగింది.

దిగువన బీచుపల్లి వైపు నది పాయలుపాయలుగా చీలి గుండ్రటి గ్రానైటు బండల మధ్య నుంచి పోతుంది. దిగేముందు ఒడ్డున ఉన్నవాళ్ళను నీటి సంగతి అడగాలి. ఎగువన గేట్లు ఎత్తినా, జలవిద్యుత్ కేంద్రం నడిచినా మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. ఆ రోజు ఏమీ వదలడం లేదన్నారు. నేను రబ్బరు జత మేకులతో సహా తొడిగాను. మూడడుగులు వేయకముందే కరకర చప్పుడు. పైగా ఏటవాలు బండ మీద కాలు పక్కకు జారింది. గ్రానైటు చాలా గట్టిది. మేకు మొన దానిలో దిగదు, అంచు మీద గీసుకుంటూ పోతుంది. ఒడ్డుకు వచ్చి మేకులన్నీ విప్పి మళ్ళీ దిగితే అదే బండ మీద మెత్తటి రబ్బరు చక్కగా పట్టు చిక్కించుకుంది. నాచు లేని గరుకు రాయికి ఉత్త రబ్బరే చాలు. ఈ ఒక్క సంగతి అమ్మేవాడు చెప్పడు, మేకులకు వేరే డబ్బు కదా.

ఇసుక సంగతి వేరు. బూటులో నీరు నిలవకుండా పక్కల చిన్న రంధ్రాలు, జాలీ ఉంటాయి. నీటిలోంచి కాలు ఎత్తగానే బయటికి పోవాలి, లేకపోతే అడుగుకో చెంబెడు నీళ్ళు మోస్తాం. అయితే నీరు పోయే దారినే ఇసుక వస్తుంది. మేజోడు పైఅంచును బూటు మీదికి మడిచి, ఆ అంచుకున్న చిన్న కొక్కేన్ని లేసుకు తగిలిస్తే పైనుంచి రాదు. జాలీ మరీ వెడల్పుగా ఉంటే మాత్రం ఏం చేసినా వస్తుంది. బావ పాత ఫెల్ట్ జతకు జాలీ సన్నగా ఉంది. కొత్తదానికి గాలాడాలని వెడల్పు చేశారు. బీచుపల్లి ఇసుక నా మడమను ఒరిపిడి పెట్టింది.

మన నదుల్లో ఇంకొకటి ఉంది. మంచి రేవు ఉన్నచోట గుడి ఉంటుంది. బీచుపల్లిలో ఆంజనేయస్వామి. గట్టెక్కి దణ్ణం పెట్టుకోవాలంటే బూట్లు విప్పాలి, మళ్ళీ దిగాలంటే కట్టాలి. తడి లేసు ముడి వేళ్ళతో ఊడదీయడం ఎంత విసుగో చెప్పనక్కరలేదు. గుండ్రటి మీట తిప్పితే సన్నటి తీగ బిగుసుకునే రకం బూట్లు ఉన్నాయట. బావ స్నేహితుడికి ఉన్నాయి, ఆయన మెచ్చుకుంటారు. కానీ మన ఇసుకకు ఆ మీట పళ్ళ మధ్య రేణువులు చేరితే, తీగ తెగితే, గద్వాలలో ఎవరు బాగుచేస్తారు? లేసు తెగితే కిరాణా దుకాణంలో కూడా దొరుకుతుంది. నా ఓటు లేసుకే, గుండ్రటిదానికి కాకుండా బల్లపరుపు లేసుకు, ముడి నిలుస్తుంది.

అవతలి పాయకు వెళదామని ఒక పుట్టి అడిగాం. ఆ మనిషి ముందు మా కాళ్ళు చూశాడు. బావ ఉత్సాహం కొద్దీ మేకులు మళ్ళీ బిగించి తొడుక్కున్నారు.

“ఆ ముళ్ళతో నా పుట్టి ఎక్కొద్దు సార్. అడుగున తారు పూత పోతే మళ్ళీ నేనే పూసుకోవాలి,” అన్నాడు.

బావ బూట్లు విప్పి చేత పట్టుకుని ఎక్కారు. దారిలో అతను ఒక బూటు ఎత్తి చూసి, “తడిస్తే ఇంత బరువా? నా చెప్పులు తేలతాయి,” అన్నాడు. అతనివి పక్కలు మూసి, మడమకు పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు. అవే చాలనే మాట నేను ఒప్పుకోను. అతనికి ప్రతి బండా తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. నాకు తెలియదు, నా చీలమండ తిరిగితే మోసేవాళ్ళు కావాలి. చీలమండ పైదాకా గట్టిగా పట్టుకునే బూటు నాలాంటివాళ్ళకే. బరువు గురించి మాత్రం అతను అన్నది నిజం. ఎండినప్పుడు తూచి చూపే బరువును నమ్మి కొనకూడదు. తోలు, దళసరి స్పాంజి ఉన్న బూటు నీరు తాగి వదలదు. సింథటిక్ తోలు, వలపోగు కలిపి చేసినది తక్కువ తాగుతుంది, త్వరగా ఆరుతుంది, ఎండినాక బిర్రబిగిసి పగలదు.

నల్లమల వైపు వెళ్ళలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో గాలం మాట ఎత్తకూడదు. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా డిండి చేరాం. జలాశయాల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది కాబట్టి ముందు వాళ్ళను అడిగాం. ఈకలు చుట్టిన కొక్కెం చూసి నవ్వుకుని సరేనన్నారు.

డిండి అంచున రాయి కాదు, ఒండ్రు. పిక్క దాకా దిగబడింది. ఇక్కడ సోల్ ఏదైనా ఒకటే, బూటు కాలికి ఎంత బిగువుగా ఉందన్నదే లెక్క. నాది వదులుగా ఉండి, కాలు పైకి వచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. చేయి పెట్టి లాక్కున్నాను. గంబూట్లతో ఇలాంటి చోటికి వచ్చేవాళ్ళకు ఒక మాట: పైనుంచి నీరు నిండితే ఆ గొట్టంలోంచి కాలు రాదు, బూటూ రాదు. చవక అని వాటిని నీళ్ళలో వాడవద్దు. ఆ గడ్డిమొక్కల మధ్యే బావకు ఒక కొర్రమీను తగిలింది. మన రాష్ట్ర చేప గదా, మర్యాదగా లొంగలేదు. తూటికాడల్లోకి దూరి తెంపుకుని పోయింది.

దేవరకొండ, హాలియా దాటేటప్పటికి మిట్టమధ్యాహ్నం. తడి బూట్లు కారు డిక్కీలో ఉన్నాయి. మిర్యాలగూడలో తీసి చూస్తే రబ్బరు జతలో ఒకదాని ముందుభాగం నోరు తెరిచింది. నీటి బూట్లు చాలామట్టుకు చిరగడం వల్ల పోవు, జిగురు ఊడిపోవడం వల్ల పోతాయి. తడి, దానిపైన మూసిన డిక్కీలో వేడి. ఆ రెండూ కలిస్తే ఎంత ఖరీదైన జిగురైనా మెత్తబడుతుంది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన బూటును వంచి చూసి, “చుట్టూ కుట్టు ఎందుకు వేయలేదు దీనికి?” అని మమ్మల్ని నిలదీశాడు, మేమే తయారుచేసినట్టు. ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారంతో బొటనవేలి వంపంతా రెండు వరుసలు కుట్టాడు. నా దృష్టిలో ప్రయాణం మొత్తానికి అది అన్నిటికన్నా పనికొచ్చిన పాఠం. సోల్‌ను అతికించడమే కాక కుట్టారా లేదా, కుట్టు ఒరుసుకోకుండా గాడిలో దాగి ఉందా, వేళ్ళ ముందు రబ్బరు కవచం ఉందా అన్నవి ముందు చూడాలి. రంగు, పేరు తరువాత.

వాడపల్లిలో సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహస్వామి ఉన్నారు. స్వామి ఊపిరికి అక్కడి దీపం కదులుతుందని చెబుతారు. కింది దీపం కదలకుండా, ముఖం దగ్గరిది రెపరెపలాడుతూ కనిపించింది. నది మాత్రం ఆ పూట నిశ్చలంగా ఉంది. పులిచింతల నీరు వెనక్కి తన్నినప్పుడు ఇక్కడ ప్రవాహమే తెలియదు. అందుకని అడవిదేవులపల్లి వైపు, రాయి బయటపడిన చోటికి వెళ్ళాం.

పలకలు పలకలుగా సున్నపురాయి, దాని మీద పచ్చటి నాచు. ఉత్త రబ్బరుతో అడుగు వేయగానే సబ్బు పూసిన గచ్చు మీద ఉన్నట్టే అయింది; కూర్చుండిపోయాను. పర్వతారోహకుల బూట్లకు ఉండే లోతైన గాళ్ళ రబ్బరు సోల్ ఇక్కడ ఏమీ చేయలేదు. 1935లో ఆల్ప్స్‌లో తన స్నేహితులు ఆరుగురు చనిపోయాక విటాలే బ్రమాని అనే ఇటలీ ఆయన ఆ సోల్‌ను రూపొందించింది రాతి అంచుల కోసం, కొండల కోసం. చదునైన పలక మీద గాళ్ళకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మేకులు బిగించాక పరిస్థితి మారింది. సున్నపురాయి గ్రానైటు కన్నా మెత్తన, మొన నాచును చీల్చుకుని రాయిలో దిగుతుంది. నిలబడగలిగాను. తరువాత ఫెల్ట్ జత తొడిగాను. ఒప్పుకోవాలి, నాచు పట్టిన రాయి మీద దానికి సాటి లేదు. చప్పుడు లేదు, జారుడు లేదు, నడక అంటే ఇదీ అనిపించింది.

అయినా ఫెల్ట్ వద్దనుకున్నాను. తిరిగి వస్తూ మూసీ పాయలో కాళ్ళు పెట్టాల్సి వచ్చింది. హైదరాబాదు మురుగంతా మోసుకొచ్చే నీరు అది. రబ్బరు జతను కుళాయి కింద పెడితే చాలు. ఫెల్ట్ మాత్రం ఆ నీటిని లోపలికంటా పీల్చుకుని, మర్నాటికి కూడా ఆరలేదు, వాసన పోలేదు. నాచుజాతి సూక్ష్మజీవులు ఈ తడిలోనే బతికి ఒక నది నుంచి మరో నదికి ప్రయాణం చేస్తాయి. డిడిమో అనే నాచు పాకుతోందని న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ సోళ్ళను నిషేధించింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 2018 నుంచి వాటితో నీళ్ళలో దిగనివ్వరు. బావ ఏటా ఎల్లోస్టోన్ వెళ్ళే మనిషి, ఈ సంగతి తెలిసీ ఆ జతను పారేయలేకపోతున్నారు.

“మరి దీన్ని ఏం చేద్దాం?” అన్నారు ఇంటికి వచ్చాక.

“వానాకాలంలో డాబా కడిగేటప్పుడు వేసుకోండి బావా, అక్కడ నాచుకు కొదవలేదు,” అన్నాను. మా అక్క ఆ బాధ్యత వెంటనే ఆయనకు అప్పగించింది.

నాకు తేవాల్సిన జతకు చీటీ రాసి ఇచ్చాను: రబ్బరు సోల్, చుట్టూ కుట్టు, తోలు కానిది, సన్నటి జాలీ, బల్లపరుపు లేసు, ఒక సైజు పెద్దది. మేకులు విడిగా ఒక పొట్లం. వాటిని మడమకూ వెలుపలి అంచుకూ మాత్రమే బిగిస్తాను, నడుమ ఉత్త రబ్బరు ఉంచుతాను. బీచుపల్లిలో విప్పడం, వాడపల్లిలో బిగించడం తేలిక. పుట్టి ఎక్కేటప్పుడు ఎలాగూ చేత పట్టుకోవాలి.