హెచ్‌యూఎస్ పిల్లల్లో వీఈజీఎఫ్ పరీక్ష: ముందు ఏ ట్యూబో చూడండి

నెత్తురు విరేచనాలు మొదలైన వారం పది రోజుల్లో బిడ్డ పాలిపోతుంది, మూత్రం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి దిగుతాయి. ఇదే హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ (హెచ్‌యూఎస్). పేగుల్లో చేరిన కొన్ని బ్యాక్టీరియా వదిలే షిగా టాక్సిన్ అనే విషం మూత్రపిండంలోని సన్నటి రక్తనాళాల లోపలి పొరను పట్టుకుని దెబ్బతీస్తుంది. అక్కడ గడ్డలు కడతాయి, వాటి సందుల్లో దూరిన ఎర్రకణాలు ముక్కలవుతాయి.

ఆ పొరను బతికించేది వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్. దాన్ని మూత్రపిండపు వడపోత గుచ్ఛంలోని పోడోసైట్లు అనే కణాలే పక్కనున్న నాళాలకు అందిస్తాయి. ఎదిగిన చిట్టెలుకల పోడోసైట్లలో ఆ జన్యువును తీసేస్తే ఇలాంటి జబ్బే వచ్చిందని, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ వాడిన కొందరు కేన్సర్ రోగుల్లోనూ ఇదే కనిపించిందని 2008లో వెల్లడైంది. అంటే కొరత పడేది మూత్రపిండం లోపల. చేతి నరం నుంచి తీసిన రక్తంలో దాన్ని వెతకడం, చెరువులో నీళ్లు కొలిచి పొలం తడిసిందో లేదో చెప్పడం లాంటిదే.

అయినా కొలవాలంటే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వద్దు. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న వీఈజీఎఫ్‌ను వదిలేస్తాయి. కాబట్టి ఎర్రమూత ట్యూబులో తీస్తే మనం లెక్కించేది చాలావరకు ప్లేట్‌లెట్లనే. జబ్బు ముదిరినప్పుడు అవి తక్కువ, సీరం వీఈజీఎఫ్ కూడా తక్కువే. కోలుకుంటుంటే రెండూ పెరుగుతాయి. దాన్ని చూసి ‘నాళాలు బాగుపడుతున్నాయి’ అని రాసేస్తే తప్పు.

రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ లేదా ఈడీటీఏ ట్యూబులో తీసి, పైకి తేలే ద్రవం, అంటే ప్లాస్మా తీసుకోవాలి. బిగించిన పట్టీ ఎక్కువసేపు ఉంచకండి, సిరంజిని బలంగా లాగకండి. ట్యూబును మెల్లగా తిరగేసి కలిపి, అరగంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి. పైనున్న ప్లాస్మాను వేరే ట్యూబులోకి తీసి రెండోసారి, ఇంకా ఎక్కువ వేగంతో తిప్పండి. అడుగు ప్లాస్మాను ముట్టుకోవద్దు, ప్లేట్‌లెట్లు దిగేది అక్కడే. మిగిలింది చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే నమ్మకం పోతుంది.

హెపారిన్ ట్యూబు అసలే వద్దు. అదీ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు గానీ, వీఈజీఎఫ్‌కూ, ఎఫ్‌జీఎఫ్-2 అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్‌కూ అతుక్కుంటుంది. ఒంట్లోకి ఎక్కించినా నాళాల గోడకు పట్టి ఉన్న ఎఫ్‌జీఎఫ్-2ను ఊడదీసి రక్తంలోకి తోస్తుంది. డయాలిసిస్‌లో హెపారిన్ వాడే అవకాశం ఉంది కాబట్టి దానికి ముందే శాంపిల్ తీయాలి. ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే ఆ సంగతి కాగితం మీద రాయండి: ఈ జబ్బులో ఎర్రకణాలు ఒంట్లోనే పగులుతాయి కాబట్టి తప్పంతా సూదిదే అనుకోలేం.

పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు, అదీ ఇప్పుడు పలచబడి ఉంది. రెండు మిల్లీలీటర్లు మించనక్కర్లేదు. ఈ అంకెను బట్టి మందు మార్చే పద్ధతి ఇప్పటికైతే లేదు; హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కలో ముక్కలైన కణాలు, ఇవే దారి చూపిస్తాయి.

విరేచనాలు లేకుండా వచ్చిన హెచ్‌యూఎస్ అయితే, ప్లాస్మా ఎక్కించకముందే ఫ్యాక్టర్ హెచ్ (రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే ఒక ప్రొటీన్) మీద ఒళ్లే తయారుచేసే యాంటీబాడీల పరీక్షకూ కొంచెం తీసి ఉంచండి. మన దేశపు పిల్లల్లో ఆ రకం జబ్బుకు ఈ యాంటీబాడీలు పెద్ద కారణం, ప్లాస్మా ఎక్కించాక తీసిన రక్తంలో అవి తక్కువగా కనిపించవచ్చు.