పావురాల గాలి, చెరువుల గాలి

నా ఊపిరితిత్తులకు పట్టిన జబ్బు పేరు తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. కూకట్‌పల్లిలో మేముండే అపార్టుమెంటులో వంటగది కిటికీ, పడకగది కిటికీ రెండూ గాలికీ పైపులకూ భవనం మధ్య వదిలిన ఇరుకు సందు, అంటే డక్ట్‌లోకే తెరుచుకుంటాయి. పై అంతస్తులో ఒకరు పుణ్యమని రోజూ అక్కడి గోడ అంచు మీద జొన్నలు చల్లుతుండటంతో పావురాలు అందులోనే కాపురం పెట్టాయి. పైపుల మీద, ఏసీ పెట్టెల మీద వాటి రెట్ట పొరలు పొరలుగా ఎండిపోయి ఉండేది. వానకాలం మొదట్లో పొడి దగ్గు పట్టుకుంది. తరువాత సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉబ్బసమని ఇన్‌హేలర్లు ఇచ్చారు, న్యుమోనియా అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు, క్షయ ఏమోనని కళ్లె పరీక్ష చేయించి కాదన్నారు.

ఆ పరీక్షలన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఒక మాట. ఒక పెద్ద డాక్టరు నా ముఖం వైపైనా చూడకుండా రిపోర్టులు తిరగేస్తూ, "రిటైరై ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళకు ఇలాంటి ఆయాసాలు మామూలేనమ్మా, మనసు వేరే దేనిమీదికైనా మళ్ళించుకోండి" అన్నారు. పక్కనే ఉన్న మావారు ఆ మాటను నమ్మారు. ఆనాటి నుంచి రాత్రిళ్ళు నేను దగ్గితే మా ఇంట్లో ఎవరూ లేచి కూర్చోలేదు. మావారిని క్షమించగలిగాను గానీ ఆ డాక్టరును ఇప్పటికీ క్షమించలేదు.

సంక్రాంతికి ముందు ఒక రాత్రి, చలికి తలుపులన్నీ మూసుకుని పడుకున్న వేళ, ఎంత లాగినా గాలి గొంతు దాటి లోపలికి పోవడం లేదనిపించి లేచాను. గాలి కోసం డక్ట్ కిటికీ తెరిచి, గ్రిల్లుకు ముఖం ఆనించి నిలబడ్డాను. చీకట్లో పావురాలు బెదిరి రెక్కలు టపటపలాడించాయి, పుల్లటి దుమ్ము వాసన ముక్కు నిండా కమ్ముకుంది, నేను ఇంకా గట్టిగా పీల్చాను. పీల్చినకొద్దీ ఛాతీ బిగుసుకుపోయింది. "ఏమండీ" అని పిలుద్దామంటే మాటకు చాలినంత ఊపిరి లేదు. చేతికందిన స్టీలు గ్లాసును నేలకేసి కొట్టాను. మావారు లేచి, కరోనా నాటి ఆక్సీమీటరును వెతికి నా వేలికి పెట్టారు, 82 చూపించింది. 108కి ఫోను చేస్తున్నప్పుడు ఆయన చేతులు వణికిన తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. అంబులెన్సులో మాస్కు పెట్టించుకుని, ఈ గండం గడిస్తే 108 ప్రదక్షిణలు చేస్తానని చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాను.

ఆసుపత్రిలో ఉండగా తగ్గిన దగ్గు ఇంటికి రాగానే తిరగబెట్టింది. మళ్ళీ చేరాను, మళ్ళీ తగ్గింది. ఎంతోమంది చూసిన ఆ కాగితాల్లో ఈ సంగతిని పట్టుకున్నది ఊపిరితిత్తుల విభాగంలో కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మ. "అమ్మా, ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతోందంటే మీ ఇంట్లో ఏముందో చెప్పండి" అని, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అడిగింది. పావురాల మాట వినగానే సీటీ స్కాను మళ్ళీ తెప్పించి చూసింది. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని చెప్పింది. ఎండిన రెట్టలోనూ, ఈకల ధూళిలోనూ ఉండే ప్రోటీన్లను పీల్చగా పీల్చగా కొందరి శరీరం వాటిని శత్రువుగా ఎంచి తన ఊపిరితిత్తులనే వాపు పాలు చేసుకుంటుందట. 2017లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో, ఊపిరితిత్తుల కణజాల వ్యాధులతో వచ్చిన 1084 మందిలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఈ జబ్బేననీ, పక్షుల ధూళితో పాటు బూజు పట్టిన కూలర్లు కూడా దీనికి కారణమవుతాయనీ ఆవిడే చెప్పింది. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది, నిద్ర కరువైంది, అదంతా గడిచిపోయింది. నేను చెల్లెలి ఇంట్లో ఉండగా మావారు దగ్గరుండి డక్ట్ కడిగించి వల కట్టించారు.

కొన్ని నెలల తరువాత, నాతో బ్యాంకులో పనిచేసిన స్నేహితురాలు పక్షులను చూసే బృందంతో రమ్మని పిలిచింది. "పిట్టల వల్లే కదా వదినా చావు దాకా వెళ్ళొచ్చావు, మళ్ళీ పిట్టల వెంటేనా?" అని మా ఆడపడుచు మండిపడింది. డాక్టరమ్మను అడిగితే, నా విషయంలో ఆరుబయట దూరం నుంచి చూడటానికి అభ్యంతరం లేదనీ, గూళ్ళ కిందికీ, పావురాలు గుంపులుగా వాలే చోట్లకూ మాత్రం వెళ్ళవద్దనీ చెప్పింది.

ఈ నగరంలో పక్షి వీక్షణం కొత్త సంగతి కాదు. నిజాం కాలంలో, 1931–32లో, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఈ రాజ్యమంతా తిరిగి పక్షులను సర్వే చేశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఏర్పడిన పక్షి వీక్షకుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తోంది. నేను చేరినది నలుగురైదుగురు స్నేహితులు కలిసి నడుపుకునే చిన్న బృందం. మొదట వెళ్ళింది అమీన్‌పూర్ చెరువుకు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పక్షులను చూసేవాళ్ళ నడక నా ఊపిరికి సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే వాళ్ళు నాలుగడుగులు వేసి ఆగుతారు, చెవి ఒగ్గుతారు, మళ్ళీ నాలుగడుగులు వేస్తారు. నాకు ఎగపోత మొదలైనప్పుడల్లా బృందంలోని ఒక పెద్దాయన బైనాక్యులర్ నా చేతికిచ్చి, "ఆగమ్మా, ఆ పసిరిక పిట్ట పురుగును పట్టుకుని మళ్ళీ అదే తీగ మీదికి వస్తుంది చూడు" అనేవారు. అది నిజంగానే వచ్చేది. నేను నోరు తెరిచి ఆగమని అడగవలసిన అవసరం రాకుండా ఆయన అలా చేస్తున్నారని చాలా రోజులకు గాని నాకు తెలియలేదు. ఆ పెద్దాయనకు నేను చెల్లించగలిగిన కృతజ్ఞత ఏదీ లేదు.

మరో చలికాలం మంజీర తీరంలో బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులను చూశాం. మంగోలియా, టిబెట్ వైపు నుంచి అవి హిమాలయాలు దాటి వస్తాయి. పక్షుల ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిశలో ప్రవహిస్తుందనీ, ఈ బాతుల రక్తం పలచటి గాలిలోని ప్రాణవాయువును కూడా మిగతా బాతులకంటే గట్టిగా పట్టుకుంటుందనీ ఆ పెద్దాయన వివరించారు. ఒక్క గుక్క గాలి కోసం గ్రిల్లు పట్టుకుని నిలబడిన నాకు ఆ మాటలు వింటుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ ఏడే గండిపేట వైపు పక్షులను చూడటానికి వెళ్ళినప్పుడు, తిరుగుదారిలో చిలుకూరులో దిగి, మధ్య మధ్య కూర్చుంటూ నా మొక్కు తీర్చుకున్నాను.

పొడి దగ్గు వారాల తరబడి వదలకపోతే, ఊరు వెళ్ళినప్పుడు తగ్గి ఇంటికి రాగానే పెరుగుతుంటే, మీ కిటికీల వెనక ఏముందో చూసుకుని ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగవద్దు. వాళ్ళు వినకపోతే వినే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎండిన రెట్టను మాత్రం చీపురుతో మీరే ఊడ్వకండి. ఆ పని తెలిసినవాళ్ళు మాస్కులు వేసుకుని, తడిపి తీయాలి.

మా భవనంలో వెనక వైపు డక్ట్‌కు ఇంకా వల లేదు. ఆ వైపు రెండో అంతస్తులో ఒక చంటిపిల్లవాడు ఉన్నాడు. ఖర్చు ఎక్కువని అసోసియేషన్ వాళ్ళు వాయిదా వేస్తున్నారు. వచ్చే ఆదివారం సమావేశానికి నా పాత సీటీ రిపోర్టు తీసుకువెళ్ళి వాళ్ళ ముందు పెడతాను.