అటక మీది తొంభైల కామిక్స్: ముందు పిన్నుల సంగతి చూడండి

తొంభైల నాటి కామిక్స్ కట్ట అటక మీంచి దింపగానే ఎవరైనా ముందు ముఖచిత్రాలు చూసుకుని మురిసిపోతారు. శికారీ శంభు టోపీ, సుప్పాండి తల, ఫాంటమ్ పుర్రె ఉంగరం కనబడ్డాక చెయ్యి ఆగదు, పేజీలు గబగబా తిప్పేస్తాం. సగం పుస్తకాలు చిరిగేది అప్పుడే. ముప్ఫై ఏళ్లు కదలకుండా పడున్న కాగితం మడత దగ్గర పెళుసెక్కి ఉంటుంది. పుస్తకాన్ని చదునైన బల్ల మీద పెట్టి, నడిమి పేజీ దగ్గర మెల్లగా తెరిచి, ముందు పిన్నులు ఎలా ఉన్నాయో చూడండి.

పిల్లల పుస్తకం ధర అందుబాటులో ఉండాలంటే అప్పట్లో చవక కాగితమే గతి. న్యూస్‌ప్రింట్ రకం కాగితంలో కలపను నూరి తీసిన గుజ్జు ఎక్కువ. అందులో ఉండే లిగ్నిన్ అనే కలప పదార్థానికి గాలీ వెలుతురూ తగిలితే పసుపెక్కుతుంది, ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం కాగితపు పీచును తినేస్తుంది. గాలి అంచుల నుంచి లోపలికి పోతుంది కాబట్టి అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, నడిమి భాగం తెల్లగా మిగులుతుంది. ఒకసారి పసుపెక్కాక వెనక్కి తెచ్చే ఇంటి చిట్కా లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి తెల్లగా చేయొచ్చని చెప్పే వాళ్లున్నారు. తెల్లబడటం నిజమే, కానీ ఉన్న కాస్త బలం కూడా పోతుంది. మన చేతిలో ఉన్నది ఆ పాడవడాన్ని నెమ్మది చేయడమే.

ఇక పిన్నులు. అమరచిత్ర కథ లాంటి పల్చటి పుస్తకాలకు వెన్ను మీద కొట్టేవి మామూలు ఇనుప పిన్నులు. మన కోస్తా చెమ్మకు అవి తుప్పు పట్టకుండా ఉండవు. తుప్పు మరక చూడ్డానికి బాగోదన్నది చిన్న విషయం. పిన్ను చుట్టూ కాగితం నల్లబడి, పొడిపొడిగా రాలి, చివరికి నడిమి పేజీలు ఊడి చేతికొస్తాయి. కాబట్టి తుప్పు కనబడితే పిన్ను తీసేయాల్సిందే.

ఆఫీసులో వాడే పిన్నులు పీకే పరికరం జోలికి పోకండి, అది కాగితాన్ని గుంజి చింపుతుంది. పల్చటి, మొద్దు అంచున్న స్టీలు పలక కావాలి. బొమ్మలు వేసేవాళ్లు రంగులు కలిపే చిన్న కత్తి సరిగ్గా సరిపోతుంది. నడిమి పేజీలో పిన్ను కాళ్లు రెండూ లోపలికి వంగి కనిపిస్తాయి. పేజీకీ పిన్ను కాలుకీ మధ్య ఒక గట్టి ప్లాస్టిక్ ముక్క దూర్చి, దాని మీద ఆనించి కాలును పైకి లేపండి. రెండు కాళ్లూ నిటారుగా నిలబడ్డాక పుస్తకాన్ని బోర్లించి, వెన్ను వైపు నుంచి పిన్నును తిన్నగా బయటికి లాగండి. తుప్పుతో కాగితానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు. కాళ్లను సన్నటి కటింగ్ ప్లయర్‌తో తుంచేసి ముక్కలుగా తీయండి. రాలిన తుప్పు పొడిని మెత్తని కుంచెతో తుడవాలి, తడిగుడ్డ తగలనివ్వకూడదు.

తీశాక మళ్లీ పిన్ను కొట్టేకంటే దారంతో కుట్టడం మేలు. 24 సెంటీమీటర్ల ఎత్తున్న పుస్తకానికి 60 సెంటీమీటర్ల తెల్ల నూలు దారం, ఒక సన్నని సూది చాలు. పిన్నుల పాత చిల్లులు రెండు ఉండనే ఉన్నాయి, వాటి మధ్యలో మూడోది పొడవండి. లోపలి నుంచి మధ్య చిల్లులో సూది దూర్చి బయటికి తీయాలి, నాలుగైదు సెంటీమీటర్ల కొస లోపలే వదిలేయాలి. బయటి నుంచి పై చిల్లులోకి వెళ్లి, లోపల మధ్య చిల్లును దాటేసి కింది చిల్లులోంచి బయటికి రావాలి, మళ్లీ మధ్య చిల్లులోంచి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపల, నిలువుగా పోయిన దారానికి చెరోవైపున ఉండేలా చూసి, ఆ దారం మీదుగా ముడి వేయండి. బిగింపు మితంగా ఉండాలి. ఎక్కువ లాగితే పెళుసు కాగితాన్ని దారమే కోసేస్తుంది. చిల్లు ఇప్పటికే పెద్దదై ఉంటే కుట్టే ముందు నడిమి మడత మీద జపాన్ టిష్యూ (పల్చగా ఉన్నా పొడవాటి పీచుతో గట్టిగా ఉండే కాగితం) పట్టీ అతికించుకోవాలి.

ఈ అతికించడం దగ్గరే ఎక్కువ అనర్థం జరుగుతుంది. సెల్లో టేపు అసలు వద్దు. కొన్నేళ్లకు దాని జిగురు కాగితంలోకి ఇంకి, ఆ మేర పసుపుగా, నూనె కాగితంలా అయిపోతుంది. ప్లాస్టిక్ ఊడిపోయినా మరక పోదు. మన బైండింగు షాపుల్లో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే పద్ధతి ఉంది. పురుగు రాదు సరే, కానీ అందులోని రాగి కాగితం పాడవడాన్ని వేగం చేస్తుంది. ఉత్త మైదా పెడితే సిల్వర్‌ఫిష్‌కు విందు. ఈ రెండు ఇబ్బందులూ లేనిది మిథైల్ సెల్యులోజ్, నీటిలో కలిపితే జిగురయ్యే పొడి. 100 మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాములు. మూడోవంతు నీటిని వేడి చేసి అందులో పొడి చల్లి కలపాలి, తర్వాత మిగతాది చన్నీళ్లు పోయాలి. ఇది చల్లబడితేనే కరుగుతుంది, కానీ పొడిని నేరుగా చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. రాత్రి నాననిచ్చి పొద్దున వాడుకోవచ్చు. టిష్యూను కత్తెరతో కోయకుండా చేత్తో చింపండి, అంచున తేలే పీచే పట్టు ఇస్తుంది. అతికించాక రెండువైపులా నాన్‌స్టిక్ బేకింగ్ కాగితం, దానిపైన బ్లాటింగ్ కాగితం, ఆపైన బరువు పెట్టి కొన్ని గంటలు కదల్చకూడదు.

టింకిల్ డైజెస్టు లాంటి లావుపాటి వాటి జబ్బు వేరు. వాటి వెన్నుకు పూసిన జిగురు ఎండి, పగిలి, పేజీలు విడివిడిగా వచ్చేస్తాయి. పాత జిగురు పెచ్చులు తీసేసి, పేజీలన్నీ వెన్ను వైపు సమంగా తట్టి, రెండు చెక్కల మధ్య బిగించండి. కట్టను ఒక పక్కకు కాస్త వంచితే ఒక్కో పేజీ అంచు మిల్లీమీటరు మేర మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అక్కడ తెల్ల జిగురు పల్చగా పూయాలి, రెండో పక్కకు వంచి మళ్లీ పూయాలి. ఆ తర్వాత నిటారుగా బిగించి రాత్రంతా వదిలేయాలి. గ్లూ గన్‌తో వేడి జిగురు పోస్తే గట్టిపడి, తెరిచిన మొదటిసారే విరుగుతుంది.

దాచే చోటు గురించి: అటక వద్దు. స్లాబు కింద వేసవి వేడి కాగితానికి చెడ్డ శత్రువు. నేల మీద పెడితే చెదలు, బయటి గోడకు ఆనిస్తే వానాకాలం చెమ్మ. మధ్య గదిలో, ఇనుప బీరువా నడిమి అరలో పెట్టుకోవడం ఉత్తమం. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం ఉంటే బావుంటుంది, 65 దాటితే బూజుకు దారి తెరిచినట్టే. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి లోపల పడేయండి. సిలికా జెల్ సంచులు ఊరికే పెట్టి మర్చిపోతే లాభం లేదు, రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడాలి. నాఫ్తలీన్ ఉండలు పుస్తకాల మధ్య పెట్టకండి, ఆ ఆవిరి మనకూ మంచిది కాదు.

విడి కవర్లు కొనేటప్పుడు పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అని రాసి ఉందేమో చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వేసే మెత్తటి కవరు పీవీసీ. అది ఆమ్లం వదులుతుంది, ముఖచిత్రపు సిరాకు అతుక్కుంటుంది. ఖాకీ కాగితపు అట్టలు, పాత వార్తాపత్రికలు చుట్టడం కూడా మానేయాలి, వాటిలోనూ ఆమ్లమే. పల్చటి పుస్తకాలను నిలబెడితే వంగిపోతాయి, పడుకోబెట్టండి. వెన్ను వైపు మందం ఎక్కువ కాబట్టి ఒకదాని వెన్ను కుడికి, తర్వాతిది ఎడమకు మార్చి పేర్చాలి. అన్నీ ఒకే వైపు పెడితే దొంతర వాలి, కింది పుస్తకాలకు మడత పడుతుంది. దొంతరకు పదిహేను, ఇరవై మించకపోతే మేలు.

పురుగు ఉందన్న అనుమానం వస్తే పుస్తకాలను గాలి తీసిన జిప్ సంచిలో బిగించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు. తొందరపడితే చల్లని కాగితం మీద నీరు పడుతుంది. ముక్కవాసన కోసం ఎండలో ఆరేయడం మన పెద్దల అలవాటు. వాసన పోతుంది, రంగులు కూడా పోతాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు విప్పి ఆరబెట్టండి.

సెట్టు పూర్తి చేసుకోవాలని ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌లకో, విజయవాడ లెనిన్ సెంటర్‌కో వెళ్తే ముఖచిత్రం చూసి బేరం మొదలుపెట్టకండి, పేజీలు లెక్కపెట్టండి. మడతపెట్టి పిన్ను కొట్టిన పుస్తకంలో ఒక కాగితం మీద నాలుగు పేజీలుంటాయి. లోపల 32 పేజీలుంటే, ఒకే కాగితానికి ఒకే వైపున ఉన్న రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 33 రావాలి: 3తో 30, 16తో 17. రాలేదంటే ఎవరో వేరే పుస్తకం కాగితం దూర్చారు. ఒక పేజీ లేదంటే దాని జంట పేజీ ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. పజిల్ పేజీలో పిల్లలు గీసిన పెన్సిల్ గీతల్ని మాత్రం పట్టించుకోనక్కర్లేదు, బాల్‌పెన్నుతో రాసిన పేర్లను చెరపడానికి ప్రయత్నించనూ వద్దు. వాటి వల్ల పుస్తకానికి వచ్చే నష్టం లేదు.

అమ్మేవాళ్ల మాటలకు విరుగుడుగా కొన్ని తేదీలు గుర్తుంచుకోండి. ఫాంటమ్ కథలు వేసిన ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి, తొంభైల పిల్లలు చదివినవి ఎక్కువగా పాత పుస్తకాలే. అమరచిత్ర కథ 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టినది, తొలి వరసలో కృష్ణుడి కథ నంబరు 11. 501 నుంచి మొదలయ్యే నంబర్లు కనిపిస్తే అవి గట్టి అట్టతో తర్వాత వేసిన పునర్ముద్రణలు. చదువుకోవడానికి అవే మంచివి, కాగితం మెరుగు. చందమామ నిజానికి కామిక్ కాదు, కానీ మన కట్టల్లో సింహభాగం అదే. 1998లో పత్రిక ఆగి దాదాపు ఏడాది రాలేదు. కాబట్టి ఆ విరామంలోని నెలల సంచికలు దొరకలేదని వీధులు తిరగొద్దు. చందమామ ముఖచిత్రాలు గీసిన వడ్డాది పాపయ్య (వపా) 1992 డిసెంబరులో పోయారు. ఆ తర్వాతి సంచిక మీద వపా సంతకం కనిపిస్తే అది పాత బొమ్మే అనుకోవాలి. చందమామలు పన్నెండేసి కలిపి బైండు చేయించి ఉంటే విప్పే ఆలోచన చేయకండి. బైండరు అంచులు కోసేసి ఉంటాడు, విడదీస్తే మళ్లీ సంచికగా నిలబడవు.

స్కాన్ చేయాలనుకుంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చదవడానికి చాలు, దాచుకోవడానికి 600 పెట్టండి. పల్చటి కాగితంలో వెనక పేజీ బొమ్మ ముందుకు కనిపిస్తుంది. స్కాన్ చేసే పేజీ వెనకాల నల్ల కాగితం పెడితే ఆ నీడ చాలావరకు తగ్గుతుంది, తెల్ల కాగితం పెడితే పెరుగుతుంది. రంగు చుక్కల వల్ల అలల్లాంటి గీతలు వస్తే స్కానర్‌లో డీస్క్రీన్ ఆన్ చేయాలి. పెళుసు పుస్తకాన్ని గాజు పలక మీద బోర్లించి నొక్కకండి. పైనుంచి ఫోన్ కెమెరా, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి తీయండి. హక్కులు ప్రచురణకర్తలవే కాబట్టి ఆ ఫైళ్లు మీ ఇంట్లో చదువుకోవడానికే. బొమ్మలన్నీ ఒక జిప్ ఫైలులో పెట్టి చివరి పేరు సీబీజెడ్ అని మారిస్తే కామిక్ యాప్‌లు తెరుస్తాయి. పేజీలకు 001, 002 అని మూడంకెల పేర్లు పెట్టండి. ఉత్త 1, 2, 3 అని పెడితే కొన్ని యాప్‌లు ఒకటో పేజీ తర్వాత పదో పేజీ చూపిస్తాయి.