బాత్‌రూమ్ బల్బు, అగస్త్యుడు

ఫిబ్రవరి, శనివారం రాత్రి

పొద్దున బాత్‌రూమ్ బల్బు పోయింది. కూరగాయలకి వెళ్లినప్పుడు సందు చివర ఎలక్ట్రికల్ షాపులో ఆగి 9 వాట్ల ఎల్‌ఈడీ అడిగాను. షాపాయన రెండు డబ్బాలు ముందు పెట్టి, "వాట్లు కాదు మేడమ్, వెనక ల్యూమెన్లు రాసుంటయి, గవి చూడున్రి" అన్నాడు. ల్యూమెన్లంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుగు. రెండూ 9 వాట్లే. ఒకదాని మీద 900, ఇంకోదాని మీద 810. ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి 900ది తెచ్చాను.

ఇంటికొచ్చాక పండుగాడు దాన్ని బాత్‌రూమ్‌లో పెట్టనిస్తేనా! హాల్లో బిగించి, తలుపులు మూసి, ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ తెరిచాడు. బల్బుకి మీటరు దూరంలో 80 లక్స్ (ఆ చోట పడే వెలుగు కొలత). రెండు మీటర్ల దూరంలో 27. "దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు కావాలి కదమ్మా, 20 రావాలి" అని మొహం ముడుచుకున్నాడు. దసరాకి గోడలకి వేయించిన తెల్ల సున్నం గుర్తొచ్చింది నాకు. బల్బుకీ ఫోన్‌కీ మధ్య అట్ట అడ్డం పెట్టమన్నాను. అయినా 8 చూపించింది. అది గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగు, గోడల వాటా. 27లోంచి 8 తీస్తే 19. 80లోనూ గోడల వాటా ఉంటుంది కాబట్టి లెక్క దగ్గరికొచ్చినట్టే.

నక్షత్రాల వెలుగు కొలిచేవాళ్లూ ఇదే పని చేస్తారని వాడికి చెప్పాను. టెలిస్కోపు కెమెరాలో చుక్క చుట్టూ చిన్న గుండ్రం గీసి అందులో పడ్డ వెలుగంతా లెక్కేస్తారు. పక్కనే ఉన్న ఖాళీ ఆకాశం నుంచి ఎంత వెలుగు వస్తోందో చూసి, అది తీసేస్తారు. అప్పుడు మిగిలింది చుక్కది. దాన్ని ముందే లెక్క తెలిసిన ఇంకో నక్షత్రంతో పోలుస్తారు.

రాత్రి ఎనిమిదిన్నరకి మోటరు వేసి, ట్యాంకు నిండేదాకా ముగ్గురం డాబా మీదే ఉన్నాం. ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ ఫోకస్ లైటు కళ్లలో పొడుస్తోంది. మా బోడుప్పల్ ఆకాశంలో ఎన్ని చుక్కలని! లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలు. గొల్లకావడి అనే మూడు చుక్కల వరస కింద మృగవ్యాధుణ్ణి (సిరియస్) చూపించి పండు, "నానమ్మా, చుక్కలన్నిట్లో పెద్దది అదే" అన్నాడు.

"మరి గా కిందున్న అగస్త్యుడేంది బిడ్డా?" అంది అత్తమ్మ. అగస్త్యుడంటే కానోపస్ నక్షత్రం. దక్షిణాన, ఇళ్ల కప్పులకి కొంచెం పైన ఒంటరిగా ఉంది. "అగస్త్యుడు పొడిస్తే వాగునీళ్లు తేటపడ్తయని మా అయ్య చెప్తుండె."

పండు ఫోన్‌లో రెండిటి వెలుగు అంకెలు చూశాడు. మృగవ్యాధుడు మైనస్ 1.46, అగస్త్యుడు మైనస్ 0.74. మైనస్ ఎక్కువైతే వెలుగు ఎక్కువేంటని అత్తమ్మకి అర్థం కాలేదు. నాకూ ఈ పద్ధతి మీద చిరాకే. ఎంసెట్ ర్యాంకు లాంటిదనుకో అత్తమ్మా అన్నాను, అంకె చిన్నదైతే గొప్ప. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకులు బాగా మెరిసేవాటికి ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆనకుండా ఉండేవాటికి ఆరో తరగతి ఇచ్చారు. తర్వాత కొలిచి చూస్తే ఒకటో ర్యాంకు కన్నా మెరుగైనవి కొన్ని తేలాయి. వాటికి సున్నా, ఆపైన మైనస్! 1856లో నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లండు ఆయన దీనికి కచ్చితమైన లెక్క కట్టాడు. 5 తరగతుల తేడా అంటే 100 రెట్లు, ఒక్క తరగతికి సుమారు 2.5 రెట్లు. ఆయన 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, చివరిదాకా అక్కడే ఉండిపోయాడు. బేగంపేటలో పాత నిజామియా అబ్జర్వేటరీ మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా ఈయనే గుర్తొస్తాడు, దానికీ ఆయనకీ సంబంధం లేకపోయినా. అక్కడ గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసేవాళ్లు. మెరిసే చుక్కకి పెద్ద నల్ల మచ్చ, మసక చుక్కకి చిన్న మచ్చ.

కరెంటు బిల్లు వెనక పండు లెక్క మొదలుపెట్టాడు. కంటికి మృగవ్యాధుడు దాదాపు రెండు రెట్లు ఎక్కువ. కానీ అది 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, అగస్త్యుడు సుమారు 310. అంటే 36 రెట్లు దూరం. 36ని 36తో గుణిస్తే 1296, అందులో సగం దాదాపు 650. అసలు వెలుగులో అగస్త్యుడు అన్ని రెట్లు పెద్ద! సూర్యుడితో పోలిస్తే పది వేల రెట్లకి పైమాటే. ఈ లెక్కంతా దూరం మీదే ఆధారపడింది. 1990ల్లో హిప్పార్కోస్ ఉపగ్రహం కొలిచేదాకా అగస్త్యుడి దూరం మీద అంచనాలు ఎటు పడితే అటు ఉండేవి.

అందుకే అన్నిటినీ 32.6 కాంతి సంవత్సరాల దూరంలో నిలబెట్టినట్టు ఊహించుకుని పోలుస్తారు. అక్కడ మన సూర్యుడి తరగతి 4.8, మా డాబా మీంచి అస్సలు కనబడడు. మృగవ్యాధుడు 1.4. అగస్త్యుడు మైనస్ 5.6, శుక్రుడి కన్నా ఎక్కువ మెరుస్తాడు.

"గింత పొట్టిగ ఎందుకు కనవడ్తడు మరి?" అంది అత్తమ్మ. దూరం ఒకటి, ఇంత కిందికి ఉంటే మన గాలీ దుమ్మూ కూడా కొంత వెలుగు మింగేస్తాయి అన్నాను.

"మరి నేనే గెలిచిన గదా" అంది పండుతో. వాడు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి ట్యాంకు పొంగి కింద ఇంటివాళ్ల బట్టల మీద పడుతోంది. మోటరు సంగతి ముగ్గురం మర్చిపోయాం.

బాత్‌రూమ్ ఇంకా చీకటిగానే ఉంది. బల్బు హాల్లోనే ఉండిపోయింది.